ముందు ఎవరి చెయ్యి ఖాళీ అవుతుంది? ఆన్‌లైన్ కొనుగోళ్లు, అమ్మకాల్లో మోసాల గురించి

మీరు రెండు సంగతులు కలిపి అడిగారు. మొదటిది, ఆన్‌లైన్ ప్రకటనలో మీకు నచ్చిన సెకండ్ హ్యాండ్ కెమెరా గురించి: అమ్మే వ్యక్తి దూరంగా ఉన్నాడు, ఇంకొకరు కూడా అడుగుతున్నారని చెప్పి, సగం డబ్బు ఇప్పుడే పంపితే దాన్ని మీ కోసం తీసి ఉంచుతానంటున్నాడు. రెండోది, మీరు అమ్మకానికి పెట్టిన ఫోను గురించి: ఒక వ్యక్తి బేరమైనా ఆడకుండా మీరు చెప్పిన ధరకే ఒప్పుకుని, ఫోను తీసుకెళ్లడానికి మనిషిని తానే పంపుతానని, అయితే మీరు నిజమైన మనిషేనని తనకు నమ్మకం కలగడానికి మీ ఫోనుకు వచ్చిన ఆరంకెల కోడ్‌ను చెప్పాలని అంటున్నాడు. ఈ ఇద్దరూ మోసగాళ్లేనా, కాదా అన్నది ఎలా తెలుస్తుందని మీ ప్రశ్న.

రెండో వ్యక్తి విషయంలో సందేహానికి తావు లేదు. మీ ఖాతాల్లో ఒకదానిలోకి ప్రవేశించడానికో, మీ నంబరు మీద కొత్త ఖాతా తెరవడానికో అతడు ప్రయత్నించడం వల్లనే ఆ కోడ్ మీకు వచ్చింది. అది మీరెవరో అతడికి చెప్పేది కాదు, మీ తలుపు అతడికి తెరిచేది. ఇప్పటికే చెప్పి ఉంటే, ఇక్కడితో చదవడం ఆపి, ఆ సందేశం ఏ సంస్థ పేరుతో వచ్చిందో చూసి, ఆ ఖాతాలోకి వెళ్లి అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేసి, పాస్‌వర్డ్ మార్చి, ఆ తరువాత మిగతాది చదవండి.

మొదటి వ్యక్తి సంగతి అలా కాదు. అతడు నిజంగా కెమెరా అమ్ముకునే మనిషి కావచ్చు, కాకపోవచ్చు. అతడి మాటలను బట్టి నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. పాత కెమెరాలు, లెన్సులు పదిహేనేళ్లుగా అపరిచితుల దగ్గర కొంటూ, అపరిచితులకు అమ్ముతూ నేను నేర్చుకున్నది ఏమిటంటే, మనిషి మంచివాడా కాదా అన్న విచారణలో పడితే చివరికి మన ఇష్టాయిష్టాలే తీర్పు చెబుతాయి. దానికి బదులు లావాదేవీ ఏ వరుసలో నడుస్తుందో చూడాలి. దుకాణంలో మనం డబ్బు ఇచ్చిన క్షణంలోనే వస్తువు చేతికి వస్తుంది. ఆన్‌లైన్‌లో ఎవరో ఒకరి చెయ్యి ముందు ఖాళీ అవుతుంది, ఆ చేతిలోకి రావలసినది ఆ తరువాత ఎప్పుడో వస్తుంది. ఈ రంగంలో నేను చూసిన మోసాలన్నీ ఆ మధ్యకాలంలోనే జరిగాయి. కనుక ప్రతి బేరంలోనూ రెండే ప్రశ్నలు వేసుకోండి: ముందు ఎవరి చెయ్యి ఖాళీ అవుతుంది? అలా ఖాళీ అయినదాన్ని వెనక్కి రప్పించుకునే దారి ఏదైనా ఉందా?

ఈ మాట నాకు ఊరికే తెలియలేదు. చాలా ఏళ్ల క్రితం ఒక పాత లెన్సు కోసం డబ్బు పంపి, లెన్సు రాక పోగొట్టుకున్నాను. అమ్మిన వ్యక్తి భాషలో తప్పులు లేవు, తొందరపెట్టలేదు, ధర కూడా మరీ తక్కువ కాదు. పైగా, నేను అడగకుండానే, ముందు గాజు అంచున పల్చగా ఫంగస్ ఉందని, ఫోటోలు తీయడానికి అడ్డం రాదు గానీ చెప్పడం తన ధర్మమని, కావాలంటే ధర కొంచెం తగ్గిస్తానని రాశాడు. ఆ ఒక్క వాక్యంతో నేను పడిపోయాను. లోపాన్ని తానే చెప్పుకున్నవాడు అబద్ధం చెప్పడనుకున్నాను. తరువాత ఆ ఫోటోలను వెతికితే, అవి రెండేళ్ల నాటి ఒక వేలం ప్రకటనలోనివని, ఫంగస్ సంగతి కూడా అక్కడి వివరణలోంచి మాట మార్చకుండా ఎత్తి రాసిందేనని తేలింది. అక్షర దోషాలు, అతి తొందర, నమ్మశక్యం కాని ధర ఉంటే మోసమని అందరూ చెబుతారు. అవి ఉంటే అనుమానించడం సరైనదే. కానీ అవి లేకపోవడం దేనికీ రుజువు కాదు, ముఖ్యంగా ఏ భాషలోనైనా తప్పులేని ఉత్తరం యంత్రం చేత క్షణంలో రాయించుకోగల ఈ రోజుల్లో.

ఇప్పుడు కొనేవారి వైపు నుంచి రెండో ప్రశ్నను చూద్దాం. డబ్బు పంపే పద్ధతులన్నీ చూడటానికి ఒకేలా ఉన్నా, వెనక్కి తిరిగే స్వభావంలో వాటికి చాలా తేడా ఉంది. కార్డుతో చెల్లిస్తే, వస్తువు రాలేదని మీ బ్యాంకుకు ఫిర్యాదు చేసి చార్జ్‌బ్యాక్, అంటే ఆ చెల్లింపును వెనక్కి తిప్పడం, కోరవచ్చు. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో చాలా సందర్భాలకు ఈ గడువు 120 రోజులు. పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపు సేవలో వస్తువు కొనుగోలుగా పంపిన డబ్బుకు 180 రోజుల లోపు వివాదం లేవనెత్తవచ్చు. అదే పేపాల్‌లో స్నేహితులకు, కుటుంబసభ్యులకు పంపే పద్ధతిలో పంపితే ఆ రక్షణ వర్తించదు. అందుకే "రుసుము మిగులుతుంది, ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీలో పంపండి" అని అమ్మేవాడు అడగడం చిన్న విషయంగా కనిపించినా, మీ చేతిలోని ఒక్క ఆధారాన్నీ వదిలేయమని అడగడమే అవుతుంది. ఆ రుసుము నేనే భరిస్తానని చెప్పి చూడండి. నిజాయితీపరుడు సంతోషంగా ఒప్పుకుంటాడు. నిజాయితీ లేనివాడు మరో కారణం వెతుక్కుంటాడు.

బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు క్షణాల్లో చేరే చెల్లింపులు సౌకర్యమే, కానీ మీ అంతట మీరే పంపిన డబ్బు కనుక అది పొరపాటు కాదని బ్యాంకు వాదించడానికి వీలుంటుంది. ఈ సమస్య ఎంత ముదిరిందంటే, బ్రిటన్‌లో మోసపోయి ఇలా డబ్బు పంపినవారికి 85,000 పౌండ్ల వరకు బ్యాంకులే తిరిగి చెల్లించాలని, ఆ భారాన్ని పంపిన బ్యాంకు, అందుకున్న బ్యాంకు చెరిసగం మోయాలని 2024 అక్టోబరు 7 నుంచి నియమం పెట్టారు. అలాంటి నియమం మీకు వర్తించకపోతే, అపరిచితుడి ఖాతాకు నేరుగా పంపిన డబ్బును పోయిన డబ్బుగానే లెక్క వేసుకుని పంపాలి. నగదు బదిలీ కౌంటర్లు, గిఫ్ట్ కార్డులు, క్రిప్టో సంగతి ఇంకా స్పష్టం. గిఫ్ట్ కార్డు మీద గీకిన అంకెలు ఫోటో తీసి పంపాక దానిలోని విలువ నిమిషాల్లో మాయమవుతుంది. బిట్‌కాయిన్‌లో ఒకసారి నమోదైన చెల్లింపును వెనక్కి తిప్పే అధికారం ఎవరికీ లేదు. పాత వస్తువుకు గిఫ్ట్ కార్డుల రూపంలో డబ్బు అడిగే నిజమైన అమ్మకందారు నాకు ఇంతవరకు తారసపడలేదు.

అమ్మేవారికి ఎదురయ్యే చిక్కు దీనికి తలకిందులుగా ఉంటుంది. కొనేవారికి డబ్బు వెనక్కి రాకపోవడం భయమైతే, అమ్మేవారికి వచ్చిన డబ్బు వెనక్కి పోవడం భయం. ఇంకా ముందు మెట్టులో, డబ్బు రాకుండానే వచ్చినట్టు కనిపించడం ఉంది. ఒకసారి నేను ఒక కెమెరా బాడీని అమ్ముతుండగా, కొంటానన్న వ్యక్తి డబ్బు పంపేశానని చెప్పిన రెండు నిమిషాల్లో చెల్లింపు సంస్థ నుంచి వచ్చినట్టున్న ఈమెయిల్ వచ్చింది. గుర్తు, రంగులు, అడుగున ఉండే చిన్న అక్షరాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మధ్యలో మాత్రం ఒక వింత వాక్యం: సొమ్మును భద్రత కోసం నిలిపి ఉంచామని, మీరు వస్తువును పంపి ట్రాకింగ్ నంబరు ఇస్తే విడుదల చేస్తామని. పంపినవారి పేరు మీద వేలు పెట్టి చూస్తే, అసలు చిరునామా ఎవరైనా ఉచితంగా తెరుచుకోగల మెయిల్ పెట్టెది. అందులోని లింకును ముట్టుకోకుండా, నా ఖాతాను యాప్‌లో తెరిచి చూస్తే పైసా రాలేదు. మెయిల్, ఎస్సెమ్మెస్, స్క్రీన్‌షాట్ ఈ మూడింటిలో ఏదీ డబ్బు కాదు. మరో సంగతి చాలామందికి తెలియదు: బ్యాంకు పేరు పెట్టి పంపిన నకిలీ ఎస్సెమ్మెస్‌ను, పంపినవారి పేరు ఒకటే కనుక, కొన్ని ఫోన్లు అసలు బ్యాంకు సందేశాల వరుసలోనే చేరుస్తాయి. పైన నిజమైన సందేశాలు ఉన్నాయి కదా అని కిందిది నమ్మకూడదు. మీరే యాప్ తెరిచి, మీ నిల్వ పెరిగిందో లేదో చూసుకోవాలి.

ఈ కోవలోనే మరికొన్ని ఉన్నాయి, త్వరగా చెప్పి ముందుకు పోతాను. డబ్బు అందుకోవడానికి పిన్ నొక్కాలని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఆమోదించాలని ఎవరైనా అంటే, వాళ్లు మీ చేత డబ్బు పంపిస్తున్నారని అర్థం. పిన్ ఇచ్చేవాడికి కావాలి గానీ పుచ్చుకునేవాడికి కాదు. పొరపాటున ఎక్కువ పంపాను, మిగిలినది తిరిగి వేయమంటే, ముందు అసలు ఏమైనా వచ్చిందా అని చూడండి. వచ్చి ఉన్నా, మీ చేత్తో వేరే ఖాతాకు పంపకుండా, వచ్చిన మొత్తాన్ని వచ్చిన దారినే తిప్పి పంపించమని మీ బ్యాంకును కోరండి. చెక్కు విషయంలో, మొత్తం ఖాతాలో కనిపించిన తరువాత కూడా చెక్కు తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. ఈలోగా మీరు "మిగులు" పంపేసి ఉంటే ఆ నష్టం మీదే. సాయం చేస్తానంటూ స్క్రీను పంచుకునే యాప్ పెట్టుకోమనే వ్యక్తితో మాట్లాడటం అక్కడితో ఆపండి.

ఇక నేను కొంచెం ఎక్కువసేపు ఆగదలచినది ముక్కోణపు మోసం దగ్గర. అనుభవం ఉన్నవారు కూడా ఇందులో చిక్కుకుంటారు, ఎందుకంటే ఇందులో మోసపోయే ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరికీ చూపడానికి రుజువులు ఉంటాయి. మీరు ఫోను అమ్మకానికి పెట్టారు. ఒక మోసగాడు మీ దగ్గర కొనేవాడిగా నటిస్తూ, మీ ఫోటోలను, వివరణను ఎత్తుకుపోయి వేరే చోట తానే అమ్ముతున్నట్టు కొంచెం తక్కువ ధరకు ప్రకటన పెడతాడు. అక్కడ ఒక నిజమైన కొనుగోలుదారు దొరుకుతాడు. ఆ కొనుగోలుదారు కొత్త ఫోటో కావాలంటే, మోసగాడు అదే కోరికను మీ ముందు పెడతాడు. మీరు తీసి పంపిన ఫోటో అటు చేరుతుంది. ఆపై మీ ఖాతా వివరాలు తీసుకుని, వాటినే తన ఖాతా వివరాలుగా ఆ కొనుగోలుదారుకు ఇస్తాడు. నిజమైన డబ్బు, నిజంగానే, మీ ఖాతాలో పడుతుంది. మీరు యాప్ తెరిచి చూసుకుంటారు, తృప్తి పడతారు, మోసగాడు పంపిన మనిషికి ఫోను ఇచ్చేస్తారు. మూడు రోజుల తరువాత, ఫోను రాని కొనుగోలుదారు తన బ్యాంకుకు ఫిర్యాదు చేస్తాడు. అతడి దృష్టిలో డబ్బు తీసుకుని ఫోను పంపని దొంగ మీరే. మీ ఖాతా స్తంభించిపోవచ్చు, డబ్బు వెనక్కి పోవచ్చు, ఫోను ఎలాగూ పోయింది.

దీన్ని పసిగట్టడానికి ఒకటే చోటు ఉంది: డబ్బు పంపిన ఖాతా పేరు, మీతో మాట్లాడిన వ్యక్తి పేరు, వస్తువు తీసుకునే వ్యక్తి పేరు ఒకటేనా అని చూడటం. మూడింటిలో ఒకటి తేడాగా ఉండి, "మా తమ్ముడి ఖాతా నుంచి వేయించాను" అన్న సమాధానం వస్తే, ఆ తమ్ముడితోనే మాట్లాడాలని అడగండి, ఏ వస్తువుకు డబ్బు పంపారో ఆయన నోటితోనే చెప్పించుకోండి. చెల్లింపుతో పాటు వచ్చే చిన్న వ్యాఖ్యను కూడా చదవండి. మీరు ఫోను అమ్మితే అక్కడ "సైకిలు" అని ఉండటం నేను విన్న కథల్లో ఒకటి. కొనేవారు కూడా ఇదే పని తమ వైపు నుంచి చేయవచ్చు: డబ్బు పంపేటప్పుడు వ్యాఖ్యలో వస్తువు పేరు, మీతో మాట్లాడిన వ్యక్తి వాడిన పేరు రాయండి. అటువైపు ఉన్నది మరో నిర్దోషి అయితే, ఆ వ్యాఖ్య చూసి అతడే ఉలిక్కిపడతాడు.

అమ్మేవాడి దగ్గర వస్తువు నిజంగా ఉందా అన్న ప్రశ్నకు కొంత పని చేస్తే జవాబు దొరుకుతుంది. ఫోటోలను గూగుల్ లెన్స్, టిన్‌ఐ వంటి, ఫోటోతో వెతికే సేవల్లో పెట్టి వెతకడం మొదటి మెట్టు. అక్కడ ఏమీ దొరకకపోతే ఫోటో అసలుదని కాదు, మరోచోట దొరకలేదని మాత్రమే అర్థం. కాగితం మీద పేరు, తేదీ రాసి వస్తువు పక్కన పెట్టి ఫోటో తీయమని అడగడం చాలాకాలంగా ఉన్న అలవాటు. కానీ ఖాళీ కాగితం ఉన్న ఒక ఫోటో ఉంటే దాని మీద ఏ పేరైనా అచ్చువేసినట్టు మార్చడం ఇప్పుడు పెద్ద పని కాదు. నేను ఇంకో దారిలో వెళతాను. ఆ వస్తువు చేతిలో ఉన్నవాడే చేయగల చిన్న పని అడుగుతాను. మీ కెమెరా విషయంలో, షట్టర్ వేగం డయల్‌ను 1/125 దగ్గర పెట్టి, లెన్సు మూత తీసి, అడుగున ట్రైపాడ్ బిగించే రంధ్రం కనిపించేలా ఒకటి, బ్యాటరీ తలుపు తెరిచి ఇంకొకటి తీసి పంపమనండి. వీలైతే వీడియో కాల్‌లో షట్టర్ నొక్కి వినిపించమనండి. రెండు నిమిషాల పని. అయినా ముక్కోణపు మోసంలో అసలు యజమాని చేత ఇవన్నీ చేయించవచ్చు కనుక, ఫోటోలు వస్తువు ఉందని చెబుతాయే తప్ప, డబ్బు చేరేది దాని యజమానికేనని చెప్పవు. వీడియో కాల్‌ను నేను ఎక్కువ నమ్మేది అందుకే.

ప్రొఫైలు చూడటం గురించి కూడా ఒక మాట. ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైటు 1996లోనే కొన్నవారు, అమ్మినవారు ఒకరి గురించి ఒకరు అభిప్రాయాలు రాసే పద్ధతి ప్రవేశపెట్టింది. ఇప్పటి నక్షత్రాలు, రేటింగులు అన్నీ ఆ దారిలోనివే. అవి పనికివస్తాయి, కానీ పేరు ఎప్పుడు సంపాదించాడన్నది దానికంటే ముఖ్యం. ఎనిమిదేళ్ల పాత ఖాతా, పాత కాలపు మంచి అభిప్రాయాలు, తరువాత మూడేళ్ల నిశ్శబ్దం, ఈ వారం ఒక్కసారిగా ఖరీదైన ఆరు వస్తువుల అమ్మకం: ఇలాంటిది కనిపిస్తే అసలు యజమాని పాస్‌వర్డ్ ఎవరి చేతిలోనో పడిందని అనుమానించాలి. చిన్న వస్తువులు నిజాయితీగా అమ్మి పేరు తెచ్చుకుని, చివర్లో పెద్ద వస్తువులకు డబ్బు దండుకుని మాయమయ్యేవారూ ఉన్నారు. అందుకే అభిప్రాయాల సంఖ్య కంటే, ఎంత విలువైన వస్తువులకు వచ్చాయో చూడండి.

ముఖాముఖి కలిసి ఇచ్చిపుచ్చుకోవడం ఇప్పటికీ అన్నింటికంటే మేలు, ఎందుకంటే అక్కడ రెండు చేతులూ ఒకేసారి ఖాళీ అయి ఒకేసారి నిండుతాయి. పగటిపూట, జనం, కెమెరాలు ఉన్న చోట, వీలైతే మరొకరిని వెంటబెట్టుకుని కలవండి. అక్కడ మీకు ఎదురయ్యేది మోసం కంటే నాసిరకం వస్తువు కావచ్చు. 1970లో ఆర్థికశాస్త్రవేత్త జార్జ్ అకర్లాఫ్ పాత కార్ల సంతను ఉదాహరణగా తీసుకుని, లోపం అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియని చోట మంచి వస్తువులు సంత నుంచి ఎలా తప్పుకుంటాయో వివరించాడు. ఆ కృషికి 2001లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆ తేడాను తగ్గించుకోవడానికి మీకు ఉన్న మార్గం, పరీక్షించడానికి సమయం అడగడం.

ఫోను కొనేటప్పుడు ఆ పరీక్షలో ఒక భాగం వదలకూడదు. *#06# నొక్కితే ఐఎంఈఐ, అంటే ఆ ఫోనును గుర్తించే 15 అంకెల నంబరు, తెరమీద కనిపిస్తుంది. అది సెట్టింగ్స్‌లోని అంకెతో, పెట్టె మీది అంకెతో సరిపోవాలి, దొంగిలించినట్టు నమోదైన ఫోన్ల జాబితాలో ఉండకూడదు. అంతకంటే ముఖ్యం లాకు. ఐఫోన్లలో యాక్టివేషన్ లాక్ 2013లో ఐఓఎస్ 7తో వచ్చింది, ఆండ్రాయిడ్ 5.1 నుంచి అలాంటి రక్షణే ఉంది: పాత యజమాని ఖాతా తీసివేయకపోతే, ఫోనును ఎన్నిసార్లు చెరిపినా మళ్లీ ఆ ఖాతానే అడుగుతుంది. కాబట్టి అమ్మే వ్యక్తి మీ కళ్ల ముందే తన ఖాతా నుంచి సైన్‌అవుట్ చేసి, ఫోను చెరిపి, తిరిగి మొదలయ్యాక పలకరించే తెర దాటి, కొత్త ఖాతా పెట్టుకునే చోటు వరకు చేరాకే డబ్బు ఇవ్వండి. "ఇంటికి వెళ్లి పాస్‌వర్డ్ పంపిస్తాను" అంటే మీరు కూడా డబ్బు ఇంటికి వెళ్లి పంపిస్తానని చెప్పవచ్చు. అమ్మేవారిగా మీరూ అదే క్రమం పాటించండి, అప్పుడు మీ ఫోటోలు, సందేశాలు కొన్నవారి చేతికి పోవు. ప్రకటనలోని ఫోటోల్లో ఐఎంఈఐ, సీరియల్ నంబర్లను వేలితో కప్పండి. ఫోటో తీసిన చోటు వివరం దానిలో దాగి ఉండవచ్చు కనుక, లొకేషన్ తీసివేసి పెట్టండి.

కలవడం కుదరక కొరియర్‌లో పంపవలసి వస్తే, వివాదం వస్తుందనే అనుకుని సిద్ధపడండి. సీరియల్ నంబరు కనిపించేలా వస్తువును చూపుతూ మొదలుపెట్టి, పెట్టెలో పెట్టి, టేపు వేసి, చీటీ అతికించే వరకు ఆపకుండా ఒకే వీడియో తీయండి. రసీదులో బరువు రాయించుకోండి; పెట్టెలో రాయి వచ్చిందనో, ఖాళీగా వచ్చిందనో ఫిర్యాదు వస్తే ఆ బరువు మీ తరఫున మాట్లాడుతుంది. లెన్సు లోపల సులువుగా కనిపించని చోట చిన్న గీత ఉంటే దాన్ని కూడా ఫోటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే కొందరు తమ దగ్గరున్న చెడిపోయిన అదే రకం వస్తువును "మీరు పంపింది ఇదే" అని తిప్పి పంపుతారు. చెల్లింపు సంస్థ చూపిన చిరునామాకే పంపండి. డబ్బు పేపాల్‌లో వేసి, వస్తువును మనిషి వచ్చి తీసుకెళతాడంటే జాగ్రత్త: వస్తువు అందలేదని ఆ తరువాత ఫిర్యాదు చేస్తే, చిరునామాకు చేరినట్టు చూపడానికి మీ దగ్గర ట్రాకింగ్ ఉండదు. కొనేవారు మాత్రం పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయాలి. ట్రాకింగ్ "డెలివరీ అయింది" అని చూపినంత మాత్రాన మీ పని అయిపోలేదు. మోసగాళ్లు అదే ఊళ్లో మరో చిరునామాకు ఖాళీ కవరు పంపి, ఆ నంబరు మీకు ఇస్తుంటారు. అప్పుడు ఆ పార్శిల్ బరువు ఎంత, ఏ చిరునామాకు చేరిందన్న రాతపూర్వక వివరాన్ని కొరియర్ సంస్థ నుంచి అడిగి తీసుకోవాలి.

మధ్యవర్తి దగ్గర డబ్బు ఉంచి, వస్తువు చేరాక విడుదల చేసే ఎస్క్రో పద్ధతి సూత్రప్రాయంగా మంచిదే, ఎందుకంటే మధ్యకాలాన్ని మూడో చేతిలో పెడుతుంది. అయితే ఆ మూడో చెయ్యి ఎవరిదన్నది చూడాలి. అమ్మేవాడే సూచించి, అమ్మేవాడే లింకు పంపిన ఎస్క్రో సైటు చాలాసార్లు అతడిదే అయి ఉంటుంది. బ్రౌజర్‌లో తాళం గుర్తు ఉంటే మీకూ ఆ సైటుకూ మధ్య మాటలు ఇతరులు వినలేరని అర్థం, ఆ సైటు నడిపేవాడు మంచివాడని కాదు. సంస్థను మీరే ఎంచుకోండి, చిరునామాను మీరే టైపు చేయండి, ఆ డొమైన్, అంటే సైటు పేరు, ఎప్పుడు నమోదయిందో చూడండి. పోయిన నెలలో పుట్టిన సైటు ఇరవై ఏళ్ల నమ్మకం గురించి చెబుతుంటే నవ్వుకుని మూసేయండి.

ఒకవేళ డబ్బు పోతే, మొదటి ఫోను మీ బ్యాంకుకు, మోసగాడికి కాదు. అతడితో వాదించిన ప్రతి గంటలో డబ్బు ఇంకో ఖాతాకు దాటిపోతుంది. సంభాషణలు, ప్రకటన, ప్రొఫైలు, ఖాతా వివరాలు అన్నీ మాయం కాకముందే భద్రపరిచి, పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. కొద్దిరోజులకు, పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తామని, ముందుగా కొంత రుసుము కట్టాలని ఎవరో సంప్రదించవచ్చు. మోసపోయినవారి పేర్లు మోసగాళ్ల మధ్య చేతులు మారుతుంటాయి. వాళ్లు రెండోసారి దోచుకోవడానికి వచ్చేవాళ్లే.

ఇక మీ రెండు బేరాల దగ్గరకు వద్దాం. కెమెరా అమ్మే వ్యక్తికి ఇలా రాయండి: "వీడియో కాల్‌లో కెమెరా చూపించండి. నచ్చితే పూర్తి డబ్బు ఒకేసారి, వస్తువు కొనుగోలుగా, రక్షణ ఉన్న పద్ధతిలో పంపుతాను, రుసుము నాదే. లేదా నేనే వచ్చి చూసి తీసుకుంటాను. అడ్వాన్సు మాత్రం పంపను." ఈలోగా ఇంకొకరు కొనేసుకుంటే కొనుక్కోనివ్వండి, ఆ నమూనా కెమెరా మళ్లీ అమ్మకానికి వస్తుంది. మీ ఫోను విషయంలో ఆ వ్యక్తిని బ్లాక్ చేసి, ప్రకటన చివర "నేరుగా కలిసి, ఫోను పరీక్షించి, అక్కడే డబ్బు ఇచ్చేవారు మాత్రమే సంప్రదించగలరు" అని ఒక వాక్యం చేర్చండి. సందేశాలు సగానికి తగ్గుతాయి. అమ్ముడుపోవడానికి వారం ఎక్కువ పట్టవచ్చు.